ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట: ఆరేళ్ల మెట్రో ప్రయాణంపై ఒక బెజవాడ వాసి సమీక్ష

విజయవాడ బస్సు హైదరాబాద్‌లో అడుగుపెట్టేది ఎల్బీ నగర్ దగ్గరే కాబట్టి, అమీర్‌పేటలోని ఒక బ్యాంకుకు బదిలీ అయినప్పుడు ఆ చుట్టుపక్కలే ఇల్లు తీసుకున్నాను. ఆ రెండింటి మధ్య 16 కిలోమీటర్ల మెట్రో మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. మరుసటి నెల నుంచి 2024లో పటమటకు తిరిగి వచ్చేదాకా, కోవిడ్ వల్ల రైళ్లు ఆగిన 2020 నాటి అయిదున్నర నెలలు తప్ప, పనిదినాలన్నీ అందులోనే తిరిగాను.

మెట్రో వేగంగా పోతుందని అందరూ అంటారు గాని, నా దృష్టిలో దాని గొప్పతనం వేగంలో లేదు. గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే. అదీ కిలోమీటరుకొక స్టేషన్ వస్తుంటే రైలు ఆ వేగాన్ని అందుకున్న కాసేపటికే మళ్లీ తగ్గించాలి. అసలు మేలు వేళ తప్పకపోవడం. సుమారు అరగంట పట్టే ఆ ప్రయాణం వానాకాలంలోనూ, వినాయక నిమజ్జనం రోజునా అరగంటే పట్టేది. రోడ్డు మధ్య స్తంభాలపై తనదైన దారి ఉండటం, ఆ దారికి ఎక్కడా కూడలి అడ్డురాకపోవడం ఇందుకు మొదటి కారణం. రెండోది అంతగా ఎవరి దృష్టికీ రాదు: టికెట్ తనిఖీ ప్లాట్‌ఫాం ఎక్కకముందే ముగుస్తుంది, ప్లాట్‌ఫాం బోగీ నేలతో సమానమైన ఎత్తులో ఉంటుంది, మూడు బోగీలకు ఒక పక్కన పన్నెండు తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి, అందువల్ల వందమంది దిగి వందమంది ఎక్కినా రైలు అర నిమిషానికి మించి ఆగనక్కర్లేదు. ఒకటి రెండు తలుపుల సిటీ బస్సుకు ఇది సాధ్యమయ్యే పని కాదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సు దిగిన రోజుల్లో మాత్రం తొలి రైలు కోసం సంచులతో ఎదురుచూడక తప్పేది కాదు. పట్టాలనూ విద్యుత్ తీగలనూ తనిఖీ చేసేది రాత్రివేళే కనుక దీన్ని నేను లోపంగా లెక్కించను.

నన్ను నిజంగా విసిగించింది రైలు కాదు, రైలుకు ముందూ వెనుకా ఉన్న దారి. ఇంటి నుంచి స్టేషన్ ఒకటిన్నర కిలోమీటర్లు. షేర్ ఆటో నిండేదాకా కూర్చోవడం, స్టేషన్‌లో రెండు అంతస్తులు ఎక్కడం, అమీర్‌పేటలో దిగి మళ్లీ నడవడం కలిపితే గడప నుంచి బ్యాంకుకు గంట పట్టేది. అందులో రైలు వాటా సగమే. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ లిఫ్టు ఉన్నా స్టేషన్ దాకా నడవలేక, వచ్చిన ప్రతిసారీ ఆటోనే అడిగేది. మెట్రో మార్గం పక్కన ఇల్లు చూసుకునేవారు అద్దె కంటే ముందు స్టేషన్ దాకా తామే ఒకసారి నడిచి చూడాలని నా సలహా.

విజయవాడకు ప్రతిపాదించిన రెండు మార్గాలూ, ఒకటి గన్నవరానికి, మరొకటి పెనమలూరుకు, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచే బయలుదేరతాయి. బస్సు దిగినవాడు నేరుగా రైలెక్కే ఈ ఏర్పాటు నాకు నచ్చింది. బెంజ్ సర్కిల్‌లో జాతీయ రహదారి వాహనాలు పైవంతెన మీదుగా పోతున్నా, కింద బందరు రోడ్డు సాయంత్రం వేళ నిండిపోయే ఉంటుంది కాబట్టి రెండో మార్గం అవసరమూ కాదనలేనిది. అయితే మొన్న పటమటలోని మా ఇంటి నుంచి బెంజ్ సర్కిల్ దాకా నడిచి చూశాను. పన్నెండు నిమిషాలు పట్టింది. అందులో కాలిబాట మీద నడిచింది మూడు నిమిషాలు కూడా లేదు.