తిరుపతికి విమానం: గాల్లో గంట, నేల మీద ఐదు గంటలు

హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ నుంచి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటకు ఆకాశమార్గాన దాదాపు 420 కిలోమీటర్లు. టికెట్టు మీద ఇంచుమించు గంటా పావు ఉంటుంది. అది ఇక్కడ విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే ఖాళీ కోసం ఆగడం, దిగేముందు చుట్టు తిరగడం అన్నీ అందులోనే. గాల్లో ఉండేది జెట్ అయితే ముప్పావుగంట, పంకాల ఏటీఆర్ అయితే ఇంకో పది పదిహేను నిమిషాలు.

పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు ఒక సుఖం ఉంది. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి మారాక పట్నం ట్రాఫిక్‌లో పడే పనే లేదు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా సుమారు 80 కిలోమీటర్లు, కారులో గంటన్నర. రాయికల్ టోల్, కొత్తూరు దగ్గర లారీలు కలిసే చోటు, ఈ రెండింటికీ అరగంట చేతిలో పెట్టుకోవాలి. పట్నం పోయే ఆర్టీసీ బస్సెక్కితే శంషాబాద్ ఊళ్లో దిగాలి. అక్కడి నుంచి టెర్మినల్‌కు క్యాబ్ తప్పదు. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లయితే శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాకా రావడమే దగ్గర.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంటి నుంచి గంటన్నర, విమానాశ్రయంలో రెండు గంటలు, ప్రయాణం గంటా పావు, సామాను కోసం ఇరవై నిమిషాలు, రేణిగుంట నుంచి కొండ మీదకి గంటంబావు. కొండ కింద అలిపిరి తనిఖీలో వరుస పెద్దగా ఉంటే ఇంకా ఎక్కువ. మొత్తం దాదాపు ఆరున్నర గంటలు. కాచిగూడ నుంచి వచ్చే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రాత్రి మహబూబ్‌నగర్‌లో ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. సమయం ఎక్కువే, కానీ నిద్రలో పోతుంది, ఒక రాత్రి గది కిరాయి మిగులుతుంది. పైగా స్టేషన్ ఎదురుగానే టీటీడీ వారి వసతి గృహం విష్ణునివాసం. గద్వాల, అలంపురం వాళ్లు విమానం కోసం వెనక్కి నూటయాభై కిలోమీటర్లకు పైగా రావడంలో అర్థం లేదు, రైలే మేలు.

నల్లగొండకైతే విమానం దాదాపు దండగ. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికే రెండుంబావు గంటలు. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ పొద్దున్నే నల్లగొండలో ఆగుతుంది, మధ్యాహ్నానికి తిరుపతి. విమానం మీద మిగిలేది గంటే. ముసలివాళ్లు, కూర్చుంటే నడుము పట్టేసేవాళ్లు ఉంటేనే ఆలోచించాలి.

విమానమే అనుకుంటే కొన్ని జాగ్రత్తలు. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసే సంస్థలున్నాయి, టోల్ దగ్గర ఆలస్యమైందంటే వినరు. ఎండుకొబ్బరి చెక్-ఇన్ సామానులో పెట్టొద్దు. నూనె ఎక్కువ కనుక మంట పట్టే సరుకు కింద తీసేస్తారు. పచ్చడి సీసా మాత్రం అందులోనే, చేతిసంచిలో వద్దు. 300 రూపాయల దర్శనం టికెట్టు సమయానికీ విమానం దిగే సమయానికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. పొగమంచు రోజుల్లో పొద్దుటి విమానం ఆలస్యమైతే ముందు పోయేది ఆ దర్శనం స్లాటే.