విద్యానగర్‌లో ఒక థీసిస్ దుకాణం: ఏ పని అప్పగించవచ్చు, ఏ పని అప్పగించకూడదు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి దగ్గరగా, విద్యానగర్‌లోని ఒక సందులో, మొదటి అంతస్తులో ఉన్న ఈ దుకాణంలో థీసిస్‌కు కావలసిన పనులన్నీ ఒకే చోట చేస్తారు. తెలుగు, ఇంగ్లిష్ టైపింగ్, డేటా ఎంట్రీ, గణాంక విశ్లేషణ, పట్టికలు, గ్రాఫులు, స్పైరల్ బైండింగ్, చివరికి బంగారు అక్షరాల హార్డ్ బైండింగ్ వరకూ అన్నీ దొరుకుతాయి. దుకాణం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో చాలా భాగం ఈ ఒక్క దుకాణానివి కావు. అక్కడికి పని పట్టుకెళ్లే మావి కూడా. ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తూ ఎడ్యుకేషన్‌లో పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసిన నేను, రెండేళ్లపాటు దాదాపు నెలకొకసారి ఆ మెట్లెక్కాను. ఆ అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా అక్కడికి వచ్చేవారి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణం మంచిచెడులు రెండూ అందులోనే ఉన్నాయి. విద్యా విభాగంలో పరిశోధన చేసేవాళ్లం ఒకే శాస్త్రం చదువుకున్నవాళ్లం కాము. ఒకరు గణితంలో ఎమ్మెస్సీ చేసి బీఈడీకి వచ్చినవారు, ఒకరు తెలుగు ఎంఏ, ఒకరు వృక్షశాస్త్రం, ఇంకొకరు సోషియాలజీ. కోర్స్‌వర్క్‌లో అందరం ఒకే గదిలో కూర్చుంటాం గాని, ఆ తర్వాత ఎవరి గైడ్ వారిది, ఎవరి టూల్ (ప్రశ్నావళి, పరీక్ష వంటి కొలత సాధనం) వారిది. ఒకరి పరిశోధన మరొకరు చదివే సందర్భం ప్రీ-సబ్మిషన్ సెమినార్ వరకూ రాదు. నా అనుభవంలో వీళ్లంతా మళ్లీ ఒకచోట కలిసింది ఈ దుకాణంలో, ప్రింటు కోసం ఎదురుచూసే నాలుగు ప్లాస్టిక్ కుర్చీల మీద. రెండవ భాషగా తెలుగు నేర్చుకునే పిల్లల ఉచ్చారణ మీద పనిచేస్తున్న ఒక స్కాలర్‌తో అక్కడ మాట్లాడిన ముప్పావు గంటకు, నా అధ్యయనంలో సగం దారి మారింది.

నా అధ్యయనం చిన్నది. హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంలోను, ఉర్దూ మాధ్యమంలోను చదువుకునే రెండు, మూడు తరగతుల పిల్లలు, నోటితో చెప్పిన సంఖ్యను అంకెల్లో ఎలా రాస్తారన్నది విషయం. దీన్ని గణిత బోధన అనవచ్చు, భాషాశాస్త్రం అనవచ్చు, మనోవిజ్ఞానం అనవచ్చు. తెలుగులో ఇరవై దాటిన తర్వాత సంఖ్యల పేర్లు క్రమంగా నడుస్తాయి: ఇరవై తొమ్మిది అంటే ఇరవై, దాని పక్కన తొమ్మిది. ఉర్దూలో నూరు వరకూ ప్రతి సంఖ్యకూ దాదాపు విడి పేరు ఉంటుంది. ఇరవై తొమ్మిదిని ‘ఉన్తీస్’ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ; అరవై తొమ్మిది ‘ఉన్‌హత్తర్’, డెబ్బైకి ఒకటి తక్కువ. వినేటప్పుడు చెవికి తగిలేది తర్వాతి పదుల పేరే (తీస్, అంటే ముప్పై), కాబట్టి ఉన్తీస్ అనగానే కొందరు పిల్లలు 39 అని రాశారు. తెలుగు మాధ్యమం పిల్లలకు ఈ చిక్కు లేదు గాని, వాళ్లకు ఇరవై, అరవై అనే మాటలు ఒకదానికొకటి మరీ దగ్గరగా వినిపిస్తాయి. నూట ఇరవై నాలుగును విన్నది విన్నట్టే 100204 అని రాసినవారు రెండు మాధ్యమాల్లోనూ ఉన్నారు. జర్మన్ భాషలో ఇరవై నాలుగును ‘నాలుగూ ఇరవై’ అన్నట్టుగా చెబుతారు కాబట్టి అక్కడి పిల్లలు అంకెలు తారుమారు చేయడం పరిశోధకులు చాలా కాలంగా గమనిస్తున్న సంగతి. మన ఊరి పిల్లల సంగతి ఏమిటన్నది నా ప్రశ్న.

ఆరు పాఠశాలలు, రెండు వందల నలభై మంది పిల్లలు రాసిన కాగితాల కట్టతో నేను మొదటిసారి వెళ్లినప్పుడు, యజమాని కాగితాల వైపు చూడకుండానే, “మేడమ్, మీది ఏ డిపార్ట్‌మెంట్? ఎడ్యుకేషనా? అయితే జెండర్, లొకాలిటీ, మేనేజ్‌మెంట్, మూడూ పెట్టేద్దాం” అన్నారు. అంటే బాలురు బాలికలు, గ్రామం పట్టణం, ప్రభుత్వం ప్రైవేటు అని మూడు విభజనలు చేసి, ఒక్కొక్కదానికి ‘తేడా ఏమీ లేదు’ అనే ఒక శూన్య పరికల్పన రాసి, రెండు గుంపుల సగటుల్ని పోల్చే టి-టెస్ట్ ఒక్కొక్కటి చేస్తారన్నమాట. మా పాఠశాలలన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయనీ, అన్నీ ప్రభుత్వ పాఠశాలలేననీ నేను చెబితే, “లొకాలిటీ పెట్టకపోతే వైవాలో అడుగుతారు మేడమ్” అని ఆయన నిజాయితీగానే హెచ్చరించారు. ఆయన తప్పు పట్టవలసిన మనిషి కాదు. ఏళ్ల తరబడి తన చేతుల మీదుగా వెళ్లిన థీసిస్‌లు ఏమి నేర్పాయో అదే చెప్పారు.

ఆ అచ్చులో పోసిన ఫలితం పది రోజుల్లో వచ్చింది. పట్టికలు ముచ్చటగా ఉన్నాయి, దశాంశాలు వరుసలో ఉన్నాయి, గుండ్రటి పై-చార్టు రంగుల్లో ఉంది. తెలుగు, ఉర్దూ మాధ్యమాల పిల్లల సగటు మార్కుల మధ్య 0.05 స్థాయిలో చెప్పుకోదగిన తేడా లేదని తేలింది. అది తప్పు కాదు. మొత్తం మార్కులు నిజంగానే ఇంచుమించు సమానం. అయితే నేను అడిగింది ఎవరు ఎన్ని తప్పులు చేశారని కాదు, ఏ రకం తప్పు ఎవరు చేశారని. 29కి 39 రాసిన పాపకూ, 20కి 60 రాసిన బాబుకూ ఆ పట్టికలో ఒకే సున్నా పడింది. నా అధ్యయనం అంతా ఆ సున్నాలోనే ఉండిపోయింది.

టి-టెస్ట్ మీద నాకు కోపం లేదు. 1908లో దాన్ని అచ్చులో పెట్టిన గాసెట్ డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసేవాడు. చిన్న శాంపిళ్లతో నాణ్యత తేల్చుకోవలసిన అవసరం అతనిది. రెండుకు మించిన గుంపుల సగటుల్ని ఒకేసారి పోల్చే అనోవాను ఫిషర్ రూపొందించింది రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో, పొలాల మడుల మీద. ఒక్కొక్క వాక్యంతో ఎంతవరకు ఏకీభవిస్తారో మార్కుల్లో అడిగే స్కేలును లైకర్ట్ 1932లో మనోవిజ్ఞానం నుంచి తెచ్చాడు. ఇలా బీరు కర్మాగారం నుంచి, పొలం నుంచి, మనోవిజ్ఞాన శాఖ నుంచి వచ్చిన పనిముట్లు ఇప్పుడు విద్యానగర్‌లో ఒక కంప్యూటర్‌లో, ఒకే మెనూలో పక్కపక్కన ఉన్నాయి. ఏది ఎందుకు పుట్టిందో అడగకుండా వాడితే, ఏ మడిలో ఏ పంట వేసినా ఒకే తూకం వస్తుంది.

రెండవసారి నేను వేరే తీరున వెళ్లాను. తప్పుల్ని రకాలుగా విభజించి, ఒక్కొక్క పిల్లవాడికి ఆ రకం తప్పు ఉందా లేదా అని మాత్రమే గుర్తుపెట్టి, మాధ్యమంతో దానికి సంబంధం ఉందేమో కై-స్క్వేర్ పరీక్షతో చూడమని కాగితం మీద రాసి ఇచ్చాను. ఈసారి పని చక్కగా వచ్చింది, చెప్పిన రోజుకే వచ్చింది. ఒకే తరగతి గదిలో ఒకే టీచరు దగ్గర చదివిన పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు కాబట్టి, రెండు వందల నలభై మందిని రెండు వందల నలభై విడి సాక్ష్యాలుగా లెక్కించడం సరికాదన్న సంగతి మాత్రం అక్కడ ఎవరికీ పట్టలేదు. ఆ జాగ్రత్తను నేనే పరిమితుల అధ్యాయంలో రాసుకున్నాను.

ఉపాధ్యాయుల వైఖరి మీద నేను వాడిన ముప్పై వాక్యాల స్కేలు విషయంలో ఇంకో సంఘటన జరిగింది. విశ్వసనీయత కోసం చూసే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.41 వచ్చిందనీ, పన్నెండు వాక్యాలు తీసేస్తే పెరుగుతుందనీ ఫోన్ చేశారు. ఆ పన్నెండూ నేను కావాలని వ్యతిరేకార్థంలో రాసినవి. వాటికి మార్కుల్ని తిరగవేయాలి, అంటే ఐదును ఒకటిగా, నాలుగును రెండుగా మార్చాలి. అలా మార్చకుండానే కూడేశారు. మార్చాక 0.79 వచ్చింది. ఏ వాక్యాలు వ్యతిరేకమైనవో డేటాతోపాటు రాసి ఇవ్వకపోవడం నా పొరపాటు. ఆల్ఫా తక్కువ వచ్చినప్పుడు వాక్యాల్ని ఒకసారి చదివి చూడకపోవడం వాళ్లది.

టైపింగ్ గురించి ఒకటే మాట. అడగకపోతే తెలుగును ‘అను’ అనే ఫాంట్లలో కొడతారు. కాగితం మీద అందంగానే ఉంటుంది గాని, ఆ ఫైలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించే పద్ధతి) కాదు. అందులో ఒక మాటను వెతకలేం, కాపీ చేసి వేరేచోట పెడితే పిచ్చి గీతలు వస్తాయి. థీసిస్ చివరికి దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో చేరవలసినదే కాబట్టి, మరొక జిల్లాలోని స్కాలర్ ‘సంఖ్యా నామాలు’ అని వెతికినప్పుడు మన పేజీ దొరకాలంటే యూనికోడ్‌లోనే కొట్టమని మొదటి రోజే చెప్పాలి. చెబితే చేస్తారు, పేజీకి ఐదు రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. బైండింగ్ గట్టిగా ఉంది, వెన్ను మీద అక్షరాలు చెరగలేదు, ధర మిగతాచోట్ల ఉన్నట్టే ఉంది.

పూర్వ పరిశోధనల సమీక్ష రాసిపెడతామనీ, సిమిలారిటీ శాతం (ఇతరుల రాతలతో మన రాత ఎంత పోలి ఉందన్న లెక్క) తగ్గించి ఇస్తామనీ కూడా అక్కడ అంటారు. ఆ రెండు పనులూ ఇవ్వకూడదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకూ పోలికకు శిక్ష లేదు. పది దాటితే మళ్లీ రాసి సమర్పించాలి, నలభై దాటితే ఏడాది నిషేధం, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. శిక్ష సంగతి అలా ఉంచినా, నాలాంటి విషయానికి ఆ అధ్యాయమే ప్రాణం. భాషాశాస్త్రం వాళ్లు సంఖ్యల పేర్ల గురించి రాసింది విద్యా విభాగం అలమరలో ఉండదు, మనోవిజ్ఞానం వాళ్లు రాసింది గణిత బోధన పత్రికలో ఉండదు. ఏది ఎక్కడ వెతకాలో తెలుసుకోవడమే సగం పరిశోధన. దుకాణం వారు ఇచ్చే సమీక్షలో ‘ఎడ్యుకేషన్’ అని పేరున్న థీసిస్‌ల సారాంశాలు ఏళ్ల వరుసలో ఉంటాయి, అంతే.

ఇక ఈ దుకాణంలో నేను అందరికన్నా ఎక్కువ మెచ్చుకునేది డేటా ఎంట్రీ చేసే అమ్మాయిని. ప్రతి కాగితాన్నీ రెండుసార్లు ఎక్కించి, రెండూ సరిపోల్చి, తేడా ఉన్నచోట మళ్లీ కాగితం తీసి చూస్తుంది. ఈ పద్ధతి ఆమెకు ఎవరు నేర్పారో అడగలేదు. కట్ట తిరిగి ఇచ్చేటప్పుడు కొన్ని కాగితాల అంచున పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టి ఉంటే ఏమిటని అడిగాను. “మేడమ్, వీళ్లు అంకెలు కుడి నుంచి రాసినట్టున్నారు, నాకు అనిపించింది, అందుకని గుర్తు పెట్టాను” అంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. 17కు 71 అని రాసిన పదకొండు మంది పిల్లల కాగితాల మీద ఆ చుక్కలున్నాయి, వారిలో తొమ్మిది మంది ఉర్దూ మాధ్యమం వాళ్లు. అంతవరకూ నేను చెవి గురించే ఆలోచించాను గాని చేతి గురించి ఆలోచించలేదు. ఆ తర్వాత ఆ పిల్లల దగ్గరకు మళ్లీ వెళ్లి, వాళ్లు రాస్తుండగా పక్కన కూర్చుని చూశాను. నాలుగో అధ్యాయంలో చివరి ఎనిమిది పేజీలు అలా వచ్చినవే. ఆ చుక్కలకు బిల్లులో ఏమీ వేయలేదు. ఆమె ఉదయం పదిన్నర నుంచి రెండు గంటల వరకే ఉంటుంది, శనివారాలు రాదు. కాగితాలు ఇవ్వడానికి వెళ్లేవారు ఆ వేళకే వెళ్లి, నేరుగా ఆమె చేతికే ఇవ్వండి.