ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు: 16 నెలల హాజరు తర్వాత

తాగుడు మానాలనుకునేవారి కోసం నడిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సమావేశాలకు నేను హైదరాబాద్‌లో 16 నెలలుగా వెళ్తున్నాను. ఇన్నాళ్లలో చుక్క ముట్టలేదు. వెళ్లాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నవారికీ, వారి తరఫున వెతుకుతున్న ఇంటివారికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎవరు వచ్చారన్నది బయట చెప్పకపోవడం అక్కడి మూలసూత్రం కాబట్టి నా బృందం పేరు, చోటు రాయడం లేదు.

సమావేశంలో కూర్చోవడం కంటే దాన్ని కనుక్కోవడమే నాకు కష్టమైంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పాత జాబితా పట్టుకుని మొదటిసారి వెళ్తే గదికి తాళం వేసి ఉంది. ఆ బృందం ఎప్పుడో వేరే పేటకు మారిందని వాచ్‌మన్ చెప్పాడు. ఎన్నో రోజులుగా కూడగట్టుకున్న ధైర్యం ఆ తాళం దగ్గరే సడలిపోయి, ఆ రాత్రి మళ్లీ తాగాను. అందుకే ముందుగా ఫోన్ చేసి, చోటు, వేళ నిర్ధారించుకున్నాకే బయలుదేరమని గట్టిగా చెబుతాను. రెండోసారి నేను అలాగే చేశాను. ఫోన్ ఎత్తినాయన కూడా ఒకప్పుడు తాగి మానేసినవారే. నా పేరు అడగలేదు. ఈ రోజు తాగారా అని మాత్రం అడిగి, తాగినా ఫరవాలేదు రండి, గేటు దగ్గర నిలబడతాను అన్నారు. అన్నట్టే నిలబడ్డారు.

చర్చి ఆవరణలోని ఒక బడిలో రెండో తరగతి గది అది. గది ఎవరిదైనా ఏఏకు ఏ మతంతోనూ సంబంధం లేదు. పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని 12 మంది కూర్చున్నారు. టీ పోస్తున్న పెద్దాయన అందరి కప్పులూ నింపి, నాకు మాత్రం సగమే పోశారు. నన్ను తక్కువ చేశారేమోనని లోపల చివుక్కుమంది. నెలల తర్వాత టీ పోసే పని నాకు వచ్చినప్పుడు ఆయనే చెప్పారు: "కొత్తవాళ్లకు సగమే పొయ్యాలి బాబూ, చేతులు వణుకుతుంటాయి, ఒలికితే సిగ్గుపడతారు."

ఒక్కొక్కరు లేచి, పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని ఒప్పుకుని, తన కథ చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, అయ్యాక ఎవరూ సలహా ఇవ్వరు. తాగేవాడికి మన ఇళ్లలో బుద్ధులు చెప్పేవారికి కొదవ ఉండదు గానీ, వాడు చెప్పేది చివరిదాకా వినేవారు దొరకరు. నాకు ఇక్కడ మొదట దొరికింది ఆ వినడమే. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో షేర్ల వ్యాపారంలో ఉన్న ఒకాయన, శస్త్రవైద్యుడైన మరొకాయన తమ తాగుడు గురించి ఒకరికొకరు చెప్పుకోవడంతో మొదలైన పద్ధతి ఇప్పటికీ అదే. దీన్ని కేవలం భజన బృందం అని తీసిపారేసేవారికి ఒక మాట: 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష, రోగులను పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర ప్రసిద్ధ చికిత్సల కంటే మెరుగైన ఫలితమిస్తోందని తేల్చింది.

రుసుము లేదు. చివర్లో ఒక సంచి చేతులు మారుతుంది, వేయగలిగినవారు వేస్తారు, కొత్తవారిని వేయవద్దంటారు. అంతకుముందు అప్పు చేసి మరీ ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రంలో మూడు నెలలున్నాను. బయటికొచ్చిన పదకొండో రోజున తాగాను. లోపలున్నన్నాళ్లూ మాన్పించారు గానీ, బయట సాయంత్రం ఏడు గంటలను ఎలా దాటాలో అక్కడ ఎవరూ నేర్పలేదు.

లోటుపాట్లు లేవనను. ఇంగ్లిష్‌లో సాగే ఒక సమావేశానికి వచ్చిన ఆటో డ్రైవరొకరు అరగంట బిక్కుబిక్కుమంటూ కూర్చుని వెళ్లి మళ్లీ రాలేదు. ఆ బాధ నాకింకా ఉంది, కాబట్టి ఏ భాషలో మాట్లాడతారో ముందే అడగండి. ఆడవాళ్లు బాగా తక్కువ, ఎందుకంటే తాగే స్త్రీకి మన సమాజంలో పడే నింద రెట్టింపు. అలాంటివారికి ఆన్‌లైన్ సమావేశాలు కొంత నయం. తాగుడు మానడానికి ఏఏ సూచించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. నాకు నమ్మకం లేదు, ఆ బృందాన్నే నాకన్నా పెద్ద శక్తిగా తీసుకున్నాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అది డాక్టరు చూడవలసిన పని, సమావేశం చేయగలిగేది కాదు. దారి తెలియనివారు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ-మానస్ 14416కు గానీ, వ్యసన విముక్తి కోసం ఉన్న 14446కు గానీ ఫోన్ చేయవచ్చు. ఇంటివారికి అల్-అనాన్ పేరుతో వేరే సమావేశాలున్నాయి. నాకంటే మూడు నెలల ముందే నా భార్య వాటికి వెళ్లి, బీరువా వెనక సీసాలు వెతకడం మానేసింది. నేను దిగులుపడింది అప్పుడే.

మొదటి బృందం నచ్చకపోతే మరో రెండు మూడు చూడండి, ఒక్క రోజుతో తీర్పు ఇవ్వకండి. ఇప్పుడు గేటు దగ్గర నిలబడే పని నాది. సమావేశం ఏడింటికైతే 6:40కే వెళ్తాను, ఎందుకంటే కొత్తవారు చాలాసార్లు ముందే వచ్చి, రోడ్డు అవతల పాన్ డబ్బా పక్కన నిలబడి ఇటే చూస్తుంటారు.