ఏఆర్‌టీ సెంటర్‌లో మా తమ్ముడిని ఎలా చూశారంటే

మా తమ్ముడికి ఒళ్లంతా పొక్కులొస్తే ముందు ఇంటి దగ్గర, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేట్ క్లినిక్‌కి తీసుకెళ్లాం. హెచ్‌ఐవీ అని చెప్పగానే ఆ డాక్టర్ కుర్చీ వెనక్కి జరిపి, ముట్టుకోకుండానే ఆయింట్‌మెంట్ రాసి పంపేశారు. మర్నాడు సిటీలోనే హెచ్‌ఐవీకి మందులిచ్చే ఒక ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లాం, ఈ రివ్యూ వాళ్ల గురించే.

అక్కడి మేడమ్ గ్లౌజులు వేసుకుని అరచేతులు, అరికాళ్లు, నోరు అన్నీ చూశారు, పొక్కు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశారు, ఎంపాక్స్ (మంకీపాక్స్) అనుమానంతో శాంపిల్ పీసీఆర్‌కి పంపించారు. వాడి సీడీ4, అంటే రోగాలతో పోరాడే రక్తకణాల లెక్క, అప్పటికి 86. ఎంపాక్స్ చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతుంది గానీ, ఇమ్యూనిటీ ఇంతగా పడిపోయినవాళ్లలో పుండ్లు మానకుండా పెద్దవై చర్మం కుళ్లిపోతుందని, ఊపిరితిత్తుల దాకా పోవచ్చని ఓపిగ్గా చెప్పారు. 2023లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో, హెచ్‌ఐవీ ముదిరి ఎంపాక్స్ వచ్చిన 382 మందిలో 27 మంది చనిపోయారు, అందరూ సీడీ4 200 లోపు వాళ్లే. "మాత్రలు ఎందుకు ఆపేశావు నాన్నా" అని ఆవిడ మెల్లగా అడిగితే వాడు ఏడ్చేశాడు.

రిపోర్ట్ నెగటివ్. చికెన్‌పాక్స్ అని తేలింది, దాన్నీ తేలిగ్గా తీసుకోకుండా వెంటనే మందు మొదలుపెట్టారు.

పేరు పెట్టి కాకుండా టోకెన్ నంబర్‌తో పిలుస్తారు, మాకు అదే పెద్ద ఊరట. మందులు ఉచితం. కానీ ఫార్మసీ కిటికీ దగ్గర గంటన్నర నిలబడ్డాం, జ్వరంతో ఉన్నవాళ్లకి నాలుగు బెంచీలైనా వేయించండి సార్. ఇంట్లో ఎవరైనా హెచ్‌ఐవీ మాత్రలు మానేసి ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితమే.