హొక్కైదో ఫొటో యాత్రకు అడ్వాన్సు కట్టబోతున్నారా? ఆగండి

మన గురువుగారు మళ్లీ ప్రకటన వేశారు. ‘వచ్చే ఫిబ్రవరిలో హొక్కైదో, శీతాకాలపు ఫొటోగ్రఫీ యాత్ర, కొన్ని సీట్లే మిగిలాయి’ అట. హొక్కైదో అంటే జపాన్ ఉత్తరాన ఉన్న చలి దీవి. సీట్ల గురించి ఆయన మాట్లాడటం చూసి ఒళ్లు మండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పేరు రాయను, రాయనక్కర్లేదు కూడా. పక్షుల ఫొటోలు తీసే తెలుగువాళ్లలో ఆయన వీడియోలు చూడనివారు ఎవరున్నారు? మొన్నటి బ్యాచ్‌లో ఆయనతో అక్కడికి వెళ్లి వచ్చినవాణ్ని, నేనింకా ఆ పెట్టె కూడా విప్పలేదు. ఇంతలోనే ఆయనకు కొత్త బ్యాచ్ కావలసి వచ్చింది.

మనిషికి 4,60,000 రూపాయలు. విమానం టికెట్టు, వీసా మన ఖర్చే. మొదటి వాయిదా ఆయన ఖాతాకు, మిగిలినవి ఆయన బావమరిది ఖాతాకు. బిల్లు అడిగితే ‘మన మధ్య బిల్లులేమిటండీ’ అని ఒక నవ్వు బొమ్మ పంపారు. బదులుగా నేనూ ఒక నవ్వు బొమ్మ పంపాను. అంతటి తెలివి నాది.

యాత్ర వివరాలతో ఒక రంగుల పుస్తకం ఇచ్చారు, మీకూ వచ్చే ఉంటుంది. అందులో బియెయి ఊరి పేజీ తీసి చూడండి. ‘తత్వవేత్త చెట్టు దగ్గర సూర్యాస్తమయం’ అని ఉంటుంది. పొలం మధ్య ఒంటరిగా, కాస్త పక్కకు ఒరిగి నిలబడిన పాప్లార్ చెట్టు అది. ఆ పొలం రైతు 2016 ఫిబ్రవరిలోనే దాన్ని కూల్చేయించాడు. చెట్టు ముసలిదై బలహీనపడింది, పైగా ఫొటోల కోసం వచ్చినవాళ్లు పైరు తొక్కుతుంటే చెప్పి చెప్పి ఆయన విసిగిపోయాడు. ఈ సంగతి మాకు చెప్పింది గురువుగారు కాదు, అక్కడ కాఫీ ఇచ్చిన అమ్మాయి, ఫోనులో అనువాదం పెట్టి మరీ చెప్పింది. లేని చెట్టును అమ్మినవారిని నేను చూడటం ఇదే మొదటిసారి.

ఆ పక్క పేజీలో నీలి చెరువు. టొకాచి అగ్నిపర్వతం 1988లో పేలినప్పుడు, బురద ప్రవాహాలు ఊళ్ల మీదికి రాకుండా అడ్డుకట్టలు కట్టారు. వాటి వెనక నీళ్లు నిలిచి ఏర్పడిందే ఆ చెరువు. వేసవిలో నిజంగానే నీలంగా ఉంటుంది. ఫిబ్రవరిలో గడ్డకట్టి, పైన మంచు పరుచుకుని, అక్కడక్కడ ఎండిన చెట్ల మోడులు తప్ప ఏమీ కనిపించదు. పుస్తకంలో మాత్రం నీలాలు పోసినట్టున్న ఫొటో వేశారు. మేము వరుసగా నిలబడి ఒక తెల్లటి మైదానాన్ని ఫొటో తీశాం. ‘మినిమలిజం అంటే ఇదే’ అన్నారాయన, ఫొటోలో దాదాపు ఏమీ లేకుండా తీసే పద్ధతట.

బియెయి కొండల అందాన్ని లోకానికి చూపించిన ఫొటోగ్రాఫర్ మాయెదా షింజో. 1987లో ఒక పాత బడిలో మొదలైన ఆయన గ్యాలరీ టకుషిన్‌కాన్ ఆ ఊళ్లోనే ఉంది. అటు వెళ్దామా అని ఒకరు అడిగితే ‘మనం తీయడానికి వచ్చాం, చూడటానికి కాదు’ అన్నారు గురువుగారు. అదే నోటితో, పొలాల్లోకి అడుగు పెట్టవద్దని బోర్డు కనిపిస్తున్నచోట, మంచు మీద తన అడుగుల వరుస ఫ్రేములోకి రావాలని పొలంలోకి నడిచి వెళ్లారు. అక్కడ మంచు కింద గోధుమ పైరు ఉంటుంది. పక్కన నిలబడటానికే సిగ్గేసింది.

త్సురుయి సంగతి త్వరగా ముగిస్తాను, తలచుకుంటే ఏడుపొస్తుంది. నెత్తిన ఎర్రబొట్టున్న టాంచో కొంగల ఊరు అది. అంతరించిపోయాయనుకున్న ఆ పక్షులు 1924లో కుషిరో చిత్తడినేలల్లో కొద్దిపాటి గుంపుగా కనిపించాయి. ఆ తర్వాత చలికాలంలో ఊరివాళ్లే మొక్కజొన్న గింజలు వేసి నిలబెట్టుకున్నారు. ఇప్పుడు వెయ్యి దాటాయి. రాత్రంతా అవి సెత్సురి నదిలో నిలబడి నిద్రపోతాయి. తెల్లవారుజామున నది మీద ఆవిరి లేచి, ఆ తేమ ఒడ్డు చెట్ల కొమ్మలకు తెల్లగా పేరుకుంటుంది. ఒతోవా వంతెన మీద ప్రపంచంలోని ఫొటోగ్రాఫర్లందరూ భుజం భుజం రాసుకుంటూ నిలబడేది ఆ కాసేపటి కోసమే. మేము చేరేసరికి వాళ్లు ట్రైపాడ్లు మడుస్తున్నారు. ఎందుకంటే గురువుగారు వ్యాను అద్దం మీది మంచును క్రెడిట్ కార్డుతో గీకుతూ కూర్చున్నారు. చలిదేశానికి మనుషులను తీసుకొచ్చిన నాయకుడి దగ్గర మంచు గీకే పనిముట్టు లేదు. ఆ కార్డు కూడా మధ్యలో విరిగింది. అదొక్కటే ఆ ఉదయం నాకు దొరికిన ఆనందం.

ఆ మర్నాటి పేజీలో ‘ఉతోరో నుంచి షిరెతోకో కనుమ మీదుగా రౌసుకు, దారిలో సూర్యోదయం’ అని ఉంది. షిరెతోకో ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటే ఆ కనుమ దారి 30 కిలోమీటర్లు ఉంటుందేమో. శీతాకాలమంతా మూసేస్తారు, ఏప్రిల్ చివరి దాకా తెరవరు. గేటు దాకా వెళ్లి, అక్కడి బోర్డు చూసి, ‘ఈ ఏడాది ముందుగా మూసేసినట్టున్నారు’ అన్నారు! ఏటా మూసేస్తారు స్వామీ. ఫిబ్రవరిలో ఈ ప్రాంతానికి ఒక్కసారి వచ్చినవాడికైనా తెలిసే విషయం అది. వెనక్కి తిరిగి, షారి మీదుగా, ఇంకో కనుమ దాటి, షిబెత్సు వైపు దిగి, మంచు గాలిలో రౌసు చేరేసరికి చీకటి పడింది. అప్పటికే మాకందరికీ అర్థమైంది, ఈయన చూపించిన హొక్కైదో ఫొటోలన్నీ వేసవివో, వేరేవాళ్లవో అని. అయినా నోరు మెదపలేదు. మర్నాడు గద్దల పడవ ఉంది కదా. అసలు అందరం వచ్చిందే దాని కోసం.

ఆ పడవ గురించి తెలియనివారికి చెబుతాను. ఫిబ్రవరిలో ఓఖోత్స్క్ సముద్రం నుంచి మంచుపలకలు తేలుతూ వచ్చి రౌసు ముందున్న జలసంధిలో చేరతాయి. ఆ పలకల మీద స్టెల్లర్ సముద్రపు గద్దలు, తెల్లతోక గద్దలు వాలతాయి. స్టెల్లర్ గద్ద రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది, ముక్కు పండు మామిడి రంగులో మెరుస్తుంది. పడవలు తెల్లవారకముందే బయలుదేరతాయి. ఎదురుగా రష్యా చేతిలో ఉన్న కునషిరి దీవి వెనక నుంచి సూర్యుడు వస్తాడు. పడవ వాళ్లు మంచు మీదికి చేపలు విసురుతారు, గద్దలు దిగుతాయి. మన పుస్తకంలో ‘రౌసు గద్దల పడవ యాత్ర, రుసుముతో సహా’ అని లావు అక్షరాలతో ఉంది.

రేవుకు చేరేసరికి ఇంకా చీకటే. మైనస్ 15 డిగ్రీలు. రేవు గోడకు మంచుపలకలు రాసుకుంటూ కిర్రుమంటున్నాయి. నెత్తిన దీపం పెట్టుకున్న పడవ మనిషి అట్ట మీది కాగితం చూస్తూ పేర్లు చదువుతున్నాడు, పేరు పలికినవారికి లైఫ్ జాకెట్టు అందిస్తున్నాడు. గురువుగారి పేరు వచ్చింది. కెమెరా మోసే ఆయన మేనల్లుడి పేరు వచ్చింది. ఆయన వీడియోల్లో తరచూ కనిపించే ఇద్దరు కుర్రాళ్ల పేర్లు వచ్చాయి. కాగితం మడిచి జేబులో పెట్టేశాడు. డబ్బు కట్టి వచ్చినవాళ్లం ఎనిమిది మందిమి. ఆ ఇద్దరు కుర్రాళ్లు పోను ఆరుగురం ఒడ్డునే నిలబడి ఉన్నాం.

మాతో రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, బ్యాంకులో చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆ వయసులో పెద్ద లెన్సు భుజాన వేసుకుని, ఒక్కరి సాయం కోరకుండా తిరిగారు. చలికి బ్యాటరీలు దిగిపోకుండా రాత్రంతా ఒంటికి ఆనించుకుని పడుకున్నానని దారిలో నవ్వుతూ చెప్పారు. ఆయన ముందుకు వెళ్లి, ‘బాబూ, నా పేరు చదవలేదేమో, ఇంకొక్కసారి చూడమనవా?’ అని అడిగారు.

గురువుగారు జాకెట్టు పట్టీ బిగించుకుంటూ, తలెత్తకుండా అన్నమాట ఇది: ‘మీ వయసుకు ఈ పడవలెందుకండీ? వ్యానులో హీటరు వేసుకుని కూర్చోండి. ఒడ్డు నుంచి కూడా గద్దలు కనిపిస్తాయి.’

నేను ఉండబట్టలేక అడిగాను, ‘పడవ బుక్ చేశానన్నారు కదా?’

‘చేశాను. అందరికీ అని ఎక్కడన్నాను?’

చదివారా? ఇంకోసారి చదవండి. ‘అందరికీ అని ఎక్కడన్నాను?’ పుస్తకంలోని ఆ పేజీ చూపిద్దామని ఫోను తీస్తే చలికి అది ఆరిపోయింది. ఆయన నవ్వారు. ఇంకేదైనా మరిచిపోతానేమో కానీ ఆ నవ్వును మరిచిపోను.

పడవ మనిషిని తప్పుపట్టను. 2022 ఏప్రిల్లో షిరెతోకో తీరంలోనే 26 మందితో వెళ్లిన పర్యాటకుల పడవ మునిగిపోయింది. ఆ తర్వాత అక్కడ పేర్ల లెక్క తేలకుండా ఎవరు ఎక్కనిస్తారు? పాపం ఆయనే మాకు వంగి వంగి దండాలు పెట్టాడు. మన తెలుగాయన మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

అంతకన్నా పెద్ద ముచ్చట చెప్పనా? వ్యానులో హీటరు వేసుకుని కూర్చోమన్నారు కదా. వ్యాను తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి. అవీ ఆయనతోపాటు సముద్రంలోకి వెళ్లాయి. పడవ తిరిగి వచ్చేదాకా ఆ చలిలో ఆరుగురం నిలబడ్డాం. టికెట్లు ఇచ్చే గదిలోని ఆవిడ మమ్మల్ని చూసి తలుపు తీసి, కిరసనాయిలు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడి టీ డబ్బాలు తెచ్చి చేతుల్లో పెట్టింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. పెద్దాయన అక్కడ కూర్చుని గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. లెన్సు సంచి జిప్పు తీయనేలేదు.

ఆ పడవ టికెట్టు ఖరీదు మేము కట్టిన దానిలో నూటికి రెండు వంతులు కూడా ఉండదు. ఆ కాస్త మిగుల్చుకోవడానికి చేసిన పని ఇది.

సాయంత్రం ఆయన ఫొటోలు పెట్టారు. గద్ద గోళ్లలో చేప, వెనక కునషిరి కొండలు, బంగారు వెలుగు. ఫొటో బాగుంది, బాగాలేదని అబద్ధం చెప్పను. కింద ‘మా బృందంతో మరపురాని ఉదయం’ అని రాశారు. మరపురాదు, నిజమే. దానికి జోడించిన బృందం ఫొటో ముందురోజు రాత్రి భోజనాల దగ్గర తీసింది, అందులో మేమూ పళ్లికిలిస్తూ ఉన్నాం. వ్యాఖ్యల్లో మన తెలుగువాళ్లందరూ ‘గురువుగారూ, ధన్యులం’ అని దండాలు.

హైదరాబాద్ చేరాక పడవ డబ్బైనా తిరిగి ఇమ్మని మర్యాదగా రాశాను. ‘వాతావరణం మన చేతిలో ఉండదు, గ్రూపులో నెగెటివిటీ వద్దు’ అని జవాబు. వాతావరణమట! ఆకాశం అద్దంలా ఉంది ఆ రోజు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే నన్ను గ్రూపులోంచి తీసేశారు. పెద్దాయనను కూడా తీసేశారు, ఆయన అసలు ఏమీ అడగనే లేదు.

ఊళ్లను తప్పుపట్టవద్దు, ఆ ఉత్తరాది ఊళ్లు మళ్లీ చూడదగ్గవే. నేను మళ్లీ వెళ్తాను, ఈయనతో మాత్రం కాదు. మీరు ఎవరితో వెళ్లినా విదేశీ యాత్రకు బిల్లు, దాని మీద టీసీఎస్, అంటే యాత్ర అమ్మినవారు మన దగ్గర పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను, పట్టిన లెక్క అడగండి. పట్టి కట్టి ఉంటే మీ పేరు మీది ఆదాయపు పన్ను వివరాల్లో కనిపిస్తుంది, కనిపించకపోతే అక్కడే ఆగిపోండి. జపాన్‌లో డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకునే వాహనానికి ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉండాలి. మా వ్యానుది అద్దె కారుకుండే తెల్ల ప్లేటు, నడిపింది ఆయనే. ఆ దారుల్లో ఏదైనా జరిగి ఉంటే మా గతేమిటో ఆలోచించడానికే భయమేస్తోంది.

ఇప్పటికే అడ్వాన్సు కట్టేసినవారు పడవ బుకింగు కాగితం మీద మీ పేరు ఉందో లేదో ఇవాళే రాసి అడగండి, జవాబు దాచుకోండి. మా బ్యాచ్‌లో కానీ అంతకు ముందు కానీ ఇలా నష్టపోయినవారు డబ్బు పంపిన వివరాలు, ఆ రంగుల పుస్తకం ఉంటే నాకు పంపండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పెద్దాయన కూడా సంతకం పెడతానన్నారు. అందరం కలిసి వినియోగదారుల కమిషన్‌కు వెళ్దాం.