స్టేడియంలో వైరస్‌ను ఆపేది ఏది: గేటు దగ్గరి హంగామానా, సిబ్బందికిచ్చే సెలవా?

స్టేడియంలో శుభ్రత అనగానే అందరి చూపూ గ్యాలరీల మీదకే పోతుంది. వేలమంది జనం, భుజం భుజం తగిలేలా కుర్చీలు, గొంతు చించుకుని అరుపులు. నిజమే. కానీ ఆ వేలమందీ అక్కడ ఉండేది మూడు నాలుగు గంటలు. గేటు దగ్గర బ్యాగులు వెతికే గార్డు, కౌంటర్లో కప్పులు నింపి అందించే కుర్రాడు, బాత్రూములు కడిగే ఆమె మాత్రం ప్రతి మ్యాచ్‌కీ ఉంటారు. ఒక్కొక్కరూ ఒక్క పూటలోనే వందలమందికి ఎదురుపడతారు. వైరస్‌కి ఒక ప్రేక్షకుడు దొరకడం కంటే ఒక గార్డు దొరకడమే లాభం.

అందుకే ఏ ఏర్పాటు మేలో తూచేటప్పుడు నేను మొదట చూసేది అది సిబ్బందికి ఏ మేరకు పనికొస్తుందని. ఆ తర్వాత చూసేది, ఏ వైరస్ గురించి మాట్లాడుతున్నామని. కోవిడ్, ఫ్లూ, తట్టు లాంటివి ప్రధానంగా ఊపిరి దారిన వస్తాయి. నోరోవైరస్ లాంటివి చేతుల మీదుగా నోట్లోకి పోయి వాంతులు, విరేచనాలు తెప్పిస్తాయి. ఒకదానికి కట్టిన గోడ రెండోదాన్ని ఆపకపోవచ్చు. ఈ తేడా పట్టించుకోకుండా పెట్టే ఖర్చులో సగం దండగే.

సబ్బా, శానిటైజరా?

వైరస్‌ను వదిలించడంలో సబ్బుదే పైచేయి. శానిటైజర్‌లోని ఆల్కహాలు కనీసం 60 శాతం ఉంటే కోవిడ్, ఫ్లూ వైరస్‌ల చుట్టూ ఉండే కొవ్వు పొరను చెదరగొడుతుంది. నోరోవైరస్‌కు ఆ పొరే లేదు. దాని మీద ఆల్కహాలు పెద్దగా పనిచేయదు. సబ్బు, నీళ్లయితే దాన్ని చంపకపోయినా చేతి మీద నుంచి జార్చి కాలువలోకి పంపేస్తాయి, మనకు కావలసింది అదే. చేతికి జిడ్డో మట్టో అంటుకుని ఉంటే శానిటైజర్ ఇంకా దండగ.

మరి గేట్ల దగ్గరా కారిడార్లలోనూ శానిటైజర్ డబ్బాలు ఎందుకంటే, ఒక చిన్న లెక్క ఉంది. ఫుట్‌బాల్‌లో సగం ఆట తర్వాత విరామం 15 నిమిషాలు, అంటే 900 సెకన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు చేతులు కడిగి తుడుచుకోవడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. తక్కువలో తక్కువ 40 వేసుకున్నా, విరామం మొత్తంలో ఒక్క కుళాయి దగ్గర 22 మందికి మించి కడుక్కోలేరు. పది కుళాయిలున్న బాత్రూంలో 220 మంది. బయట వరసలో ఉన్నవాళ్లు అంతకు ఎన్నో రెట్లు, పైగా ఆట మళ్లీ మొదలవుతోందన్న తొందర. అక్కడ జరిగేది కడగడం కాదు, తడపడం. శానిటైజర్ డబ్బాకైతే మనిషికి ఐదు సెకన్లు చాలు, చేతులు రుద్దుకోవడం నడుస్తూ కానివ్వచ్చు. అదే విరామంలో ఒక్క డబ్బా దగ్గర 180 మంది. రుద్దడం మాత్రం చేతులు ఆరేదాకా, కనీసం 20 సెకన్లు సాగాలి. చుక్క వేసుకుని ప్యాంటుకు తుడుచుకుంటే వేసుకోనట్టే.

కాబట్టి ఒకదాన్నే ఎంచుకోమంటే నేను ఒప్పుకోను. ప్రేక్షకులు నడిచే దారుల్లో శానిటైజర్ మేలు. సిబ్బందికి మాత్రం సబ్బే, అందులో బేరం లేదు. కౌంటర్ల వెనకాల, సెక్యూరిటీ వాళ్ల గదిలో, బాత్రూములు కడిగేవాళ్లకు అందుబాటులో విడిగా కుళాయి, సబ్బు, కాగితపు తువ్వాళ్లు ఉండాలి. జనం నిలబడ్డ వరసలోనే సిబ్బందినీ నిలబడమంటే వాళ్లు కడుక్కోరు. వాళ్ల తప్పేం లేదు, కౌంటరు వదిలి పావుగంట పోతే సూపర్‌వైజర్ ఊరుకుంటాడా?

ఇక్కడే గ్లోవ్స్ సంగతీ చెప్పుకోవాలి. గ్లోవ్స్ తొడుక్కున్న చేతిని చూడగానే మనకు నమ్మకం కలుగుతుంది. కాసేపు ఆ చేతినే గమనించండి. నోటు తీసుకుంటుంది, చిల్లర ఇస్తుంది, జారిన మాస్కును ముక్కు మీదకి లాక్కుంటుంది, కౌంటరు తుడిచిన గుడ్డ పట్టుకుంటుంది, కప్పుల దొంతరలో నుంచి ఒక కప్పును అంచు పట్టుకుని లాగి మనకు అందిస్తుంది. మనం పెదవి ఆనించేది ఆ అంచుకే. గ్లోవ్స్ లేని చేతికి జిడ్డు తగిలితే మనిషికి తెలుస్తుంది, వెళ్లి కడుక్కోవాలనిపిస్తుంది. గ్లోవ్స్ ఉంటే ఆ ఇబ్బందే తెలియదు. పని మారినప్పుడల్లా మార్చేటన్ని జతలు ఇవ్వగలిగితే సరే. లేదంటే పూటకు ఒకే జత కంటే మాటిమాటికీ కడిగిన ఉత్త చేతులే నయం. డబ్బు ముట్టేవాళ్లు ఒకరు, తినేవి ముట్టేవాళ్లు ఒకరు అని పని పంచితే ఇంకా మేలు, దానికి పైసా ఖర్చు లేదు.

థర్మామీటరు తుపాకీయా, జీతంతో సెలవా?

నా దృష్టిలో అసలు పోటీ ఇది. తీర్పు కూడా ఏకపక్షమే.

గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటరు చూడటానికి బాగుంటుంది, ఏదో జరుగుతోందన్న ధైర్యమిస్తుంది. కానీ కోవిడ్ సోకినవాళ్లు జ్వరం రాకముందే వైరస్‌ను అంటించగలరు. కొందరికి అసలు జ్వరమే రాదు. వచ్చినవాళ్లు పారాసిటమాల్ మాత్ర వేసుకుంటే తుపాకీకి పచ్చ లైటే. ఎండలో వరసలో నిలబడి వచ్చినవాడి నుదురు వేడిగా ఉంటుంది, చలిలో వచ్చినవాడిది చల్లగా ఉంటుంది. ఇక ఫలితాలంటారా, 2020 జనవరి నుంచి సెప్టెంబరు దాకా అమెరికా విమానాశ్రయాల్లో ఏడు లక్షల అరవై వేలమందికి పైగా ప్రయాణికులకు జ్వరం చూసి, లక్షణాలు అడిగి తనిఖీ చేశారు. ఆ వడపోతలో బయటపడిన కోవిడ్ కేసులు 9. తర్వాత ఆ పద్ధతే మానేశారు. విమానాశ్రయంలో తీరిగ్గా చేసిన తనిఖీకే ఆ గతి పడితే, మ్యాచ్ మొదలయ్యే వేళ తోసుకొచ్చే జనం ముందు ఆ తుపాకీ ఏం పట్టుకుంటుంది?

రెండో పళ్లెంలో ఉన్నది ఒంట్లో బాగాలేని ఉద్యోగికి జీతం కోయకుండా ఇచ్చే సెలవు. మ్యాచ్ రోజు పనిచేసేవాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద, ఏ పూటకు ఆ పూట డబ్బులు తీసుకునేవాళ్లు. కడుపులో తిప్పుతోందని చెబితే ఆ పూట కూలి పోతుంది, వచ్చే మ్యాచ్‌కి పిలుపు కూడా రాకపోవచ్చు. అందుకే చెప్పరు, మాత్ర వేసుకుని వచ్చేస్తారు. నోరోవైరస్ సోకినవాళ్లు వాంతులు, విరేచనాలు ఆగాక కూడా కనీసం 48 గంటలు పనికి రాకూడదని వైద్యులు చెబుతారు. ఒళ్లు కుదుటపడినట్టు అనిపిస్తున్నప్పుడు రెండు రోజుల కూలి ఎవరు వదులుకుంటారు? ఆ రెండు రోజుల డబ్బు యాజమాన్యం భరించకపోతే ఆ నియమం గోడ మీద కాగితంగానే మిగులుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు నోరోవైరస్ వ్యాపించింది. అది ముందు పట్టుకున్నది ఆటగాళ్లనీ కాదు, ప్రేక్షకులనీ కాదు, ఒకే చోట బస చేసిన సెక్యూరిటీ గార్డులను. దాదాపు 1,200 మంది గార్డులను విధుల నుంచి తప్పించి, 900 మంది సైనికులను దింపాల్సి వచ్చింది. సిబ్బంది పడుకునే గదులు, తాగే నీళ్లు, వాడే బాత్రూములు స్టేడియం శుభ్రతలో భాగమని నిర్వాహకులకు అప్పుడు తెలిసొచ్చింది.

థర్మామీటర్లు పట్టుకుని గేటు గేటుకీ నిలబడేవాళ్లకు ఇచ్చే జీతంతో సెలవుల నిధి ఒకటి పెడితే వైరస్‌కు నిజంగా దారి మూసినట్టు. కనిపించదు, ఫొటో రాదు, అంతే లోపం.

పొగ కొట్టడమా, గుడ్డతో తుడవడమా?

ఇది త్వరగా తేలే వ్యవహారం. వీపున ట్యాంకు కట్టుకుని ఖాళీ గ్యాలరీల మీద మందు చల్లుతున్న దృశ్యం 2020లో టీవీల్లో తెగ తిరిగింది. క్రిమిసంహారక మందు పనిచేయాలంటే ముందు మురికి పోవాలి, తర్వాత ఆ చోటు కొన్ని నిమిషాలు తడిగా ఉండాలి. దుమ్ము పట్టిన కుర్చీ మీద పలచగా పడి ఆరిపోయే పొగ ఈ రెండూ చేయదు. మనుషుల మీదే మందు చల్లే సొరంగాలు ఏ పరిస్థితిలోనూ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. కోవిడ్ విషయంలో వస్తువులను ముట్టుకోవడం వల్ల వచ్చే ముప్పు కూడా తక్కువేనని తర్వాత తేలింది.

అలాగని తుడవడం మానేయకూడదు. నోరోవైరస్‌కు తలుపు పిడి, కుళాయి తల, మెట్ల పక్క కడ్డీ మంచి మజిలీలు. ఎక్కువమంది చేతులు పడే ఆ చోట్లను మ్యాచ్ నడుస్తుండగా తుడవడం, నలభై వేల కుర్చీల మీద మ్యాచ్ ముందురోజు చల్లడం కంటే మేలు. గ్యాలరీలో ఎవరైనా వాంతి చేసుకుంటే మాత్రం మామూలు ఫ్లోర్ క్లీనర్ చాలదు. చుట్టుపక్కలవాళ్లను జరిపి, కాగితంతో కప్పి ఎత్తేసి, ఆ చోటు తుడిచి, ఆపైన బ్లీచ్ కలిపిన నీళ్లు పోసి కనీసం ఐదు నిమిషాలు ఉంచాలి. ఆ పని చేసేవాళ్లకు గ్లోవ్స్, మాస్కు తప్పనిసరి. ఈ సరంజామా అంతా ఒక బకెట్‌లో సర్ది ప్రతి బ్లాకులోనూ పెట్టుకోవాలి. అవసరం పడ్డాక స్టోర్‌రూం తాళం కోసం వెతికితే ఆలోపు ఎంతమంది తొక్కుకుంటూ పోతారో.

పైకప్పు ఉన్నదా, లేనిదా?

ఊపిరి దారిన వచ్చే వైరస్‌లకు బహిరంగ స్టేడియమే మేలని వేరే చెప్పనక్కర్లేదు. కానీ పైకప్పు కింద ముప్పు ఎంత దూరం పోగలదో చూపించే ఉదాహరణ ఒకటుంది. 1991లో అమెరికాలోని మినియాపొలిస్‌లో స్పెషల్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం మెట్రోడోమ్‌లో జరిగింది. లోపలి గాలి ఒత్తిడితో పైకప్పు నిలిచే మూతపడ్డ స్టేడియం అది. ఒక ఆటగాడి నుంచి తట్టు వ్యాపించింది. సోకినవాళ్లలో ఇద్దరు ప్రేక్షకులు పై అంతస్తులో ఒకే భాగంలో కూర్చున్నారు. ఆటగాళ్లు లోపలికొచ్చిన దారికి, ఆ ఇద్దరి సీట్లకు మధ్య 30 మీటర్లకు పైగా దూరం. కుర్చీకీ కుర్చీకీ ఆరడుగులు వదిలామని ధీమాగా ఉండే నిర్వాహకులు దీన్ని గుర్తుంచుకోవాలి. మూసిన హాల్లో దూరం కంటే గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందన్నదే ముఖ్యం. బయటి గాలిని ఎక్కువగా లోపలికి తేవడం, మంచి ఫిల్టర్లు వేయడం, జనం వదిలిన ఊపిరి లోపల ఎంత పేరుకుందో తెలిపే కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టి చూడటం, వీటికి పెట్టే డబ్బు కుర్చీల మీద అంటించే స్టిక్కర్ల కంటే చాలా ఎక్కువ పనిచేస్తుంది. తట్టుకైతే టీకా ఉంది, సిబ్బందిని పనిలోకి తీసుకునేటప్పుడే అది వేయించుకున్నారో లేదో చూస్తే సరిపోతుంది.

బహిరంగ స్టేడియం అయితే నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2020 ఫిబ్రవరి 19న ఇటలీలోని మిలాన్‌లో, సాన్ సీరో స్టేడియంలో అటలాంటా, వాలెన్సియా ఫుట్‌బాల్ జట్ల మ్యాచ్ జరిగింది. పక్కనున్న బెర్గమో నుంచి దాదాపు 40,000 మంది వెళ్లారు. ఆ తర్వాతి వారాల్లో బెర్గమో కోవిడ్‌తో అల్లాడిపోయింది. అందులో ఆ మ్యాచ్ పాత్ర ఉండి ఉంటుందని ఆ నగర మేయరే అన్నారు. గ్యాలరీ మీద ఆకాశం ఉండవచ్చు. కిక్కిరిసిన బస్సుకూ, మెట్ల కింది ఇరుకు దారికీ, జనం గుమిగూడిన బార్‌కూ ఆకాశం లేదు కదా.

అందుకే మొత్తం మూసేయాలా, సగం జనాన్ని రానివ్వాలా అనే వాదన కూడా నాకు అసంపూర్తిగానే కనిపిస్తుంది. టోక్యో ఒలింపిక్స్ 2021లో దాదాపు ప్రేక్షకులు లేకుండానే జరిగాయి. టీకాలు అందరికీ అందని రోజుల్లో అది సబబే. కానీ సగం జనాన్ని రానిచ్చి, వాళ్లందరినీ రెండే గేట్ల నుంచి లోపలికి తోస్తే లాభమేంటి? 2020 ఆగస్టులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక ఇండోర్ స్టేడియంలో పరిశోధకులు ప్రయోగం కోసమే కచేరీ పెట్టి, జనం ఎవరికెవరు ఎంతసేపు దగ్గరగా ఉంటున్నారో పరికరాలతో కొలిచారు. మనుషులు ఎక్కువగా గుమిగూడింది సీట్లలో కాదు, లోపలికి వచ్చేటప్పుడూ విరామంలోనూ. సీట్ల సంఖ్య తగ్గించే ముందు ఉన్న గేట్లన్నీ తెరిచి, టికెట్ మీద ఏ గేటుకు ఎన్నింటికి రావాలో అచ్చువేసి, తినుబండారాలను సీటు దగ్గరికే పంపిస్తే ఆ గుంపులు చాలావరకు విడిపోతాయి. గేట్లు ఎక్కువైతే గార్డులూ ఎక్కువమంది కావాలి. వాళ్లకు కుళాయి, సబ్బు, సెలవు కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.