ఏడేళ్ల ఇనుప మూకుడు: రక్తం కోసం కొన్నాను, వేపుడు కోసం ఉంచుకున్నాను

బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుంటున్నానని మొదట కనిపెట్టింది మా పెద్దాడు. అప్పుడు వాడికి నాలుగేళ్లు. "అమ్మా, బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందంట, నానమ్మ చెప్పింది" అన్నాడు. నా పెళ్లి ఎప్పుడో అయిపోయింది, ఇంక వానకేం భయం అని నవ్వేశాను. రెండో కాన్పు అయి అయిదు నెలలు. ఆఫీసులో మళ్లీ చేరి రెండు వారాలు. హబ్సిగూడ మెట్రో మెట్లు సగం ఎక్కేసరికే ఆయాసం వచ్చేది. నిద్ర చాలక అనుకునేదాన్ని. చంటిపిల్ల ఉన్న ఇంట్లో నిద్ర చాలినవాళ్లెవరు?

చిన్నదాన్ని చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసి, పాపకి కాదు నాకు పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.1. ఆడవాళ్లకి 12 ఉండాలి. పచ్చి బియ్యం, సుద్ద, ఐసు ముక్కలు నమలాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి ఒక గుర్తని అప్పుడు తెలిసింది. దేశం మొత్తానికీ ఏం తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి మా పక్కన తార్నాకలోనే ఉంది. దాని గేటు ముందు నుంచి ఆటోలో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు.

రక్తం తక్కువుందనగానే ఇంట్లో తలా ఒక మందు చెప్పారు. అత్తయ్య బీట్‌రూట్ అన్నారు. అమ్మ ఫోన్లో ఖర్జూరం అంది. మా ఆడపడుచు "ఇనుప మూకుడులో వండుకో వదినా, మాత్రలతో పనే లేదు" అంది. ఆ మాట నాకు భలే నచ్చింది. మాత్ర రోజూ గుర్తుపెట్టుకుని మింగాలి. మూకుడు ఒకసారి కొంటే అయిపోతుంది. అలా 2018 నవంబరులో ఒక ఆదివారం పిల్లలిద్దరినీ మావారికి అప్పజెప్పి బేగంబజార్ వెళ్లాను.

షాపాయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి రేకు సాగగొట్టి చేసిన పల్చటి కడాయి, రెండోది పోత ఇనుముది. "పోతది తీసుకో బేటీ, నీ మనవరాలు కూడా వాడుకుంటది" అన్నాడు. కిందపడితే పగులుతుందని, కాలుతున్నప్పుడు చన్నీళ్లు పోస్తే చీలిపోవచ్చని మాత్రం చెప్పలేదు. పది అంగుళాలది తీసుకున్నాను. మూడు కిలోలకి కాస్త తక్కువ. ఇంట్లో అప్పటికే ఆరు కిలోల చంటిది. ఎత్తుకోవాల్సినవి రెండయ్యాయి.

మొదటి వారం విసుగే. పైన పూసిన నల్లటి నూనె పోయేదాకా తోమడం, బియ్యం కడిగిన నీళ్లు పోసి రాత్రంతా ఉంచడం, మంచి నూనె రాసి కాల్చడం, ఉల్లిపాయ ముక్కలు నల్లగా వేయించి పారేయడం. నేను చేసిన తప్పు ఒకటుంది. ఎంత నూనె రాస్తే అంత మంచిదనుకుని గట్టిగా పట్టించాను. అది బంకలా తేలి, వేలు పెడితే అంటుకునేది. మళ్లీ మొత్తం తోమి, ఈసారి రాసిన నూనెని పాత బట్టతో పూర్తిగా తుడిచేసి, ఏమీ మిగల్లేదనిపించాక పొగ వచ్చేదాకా కాల్చాను. అలా నాలుగుసార్లు. పల్చటి నూనె బాగా కాలితే గట్టిపడి ఇనుముకి పొరలా పట్టేస్తుంది. దీన్నే సీజనింగ్ అంటున్నారు. అది జిడ్డు కాదు, చేతికి అంటదు.

ఏం బాగుంటాయో చెప్తాను. దొండకాయ వేపుడు దీనిలో వచ్చినంత బాగా ఇంకే గిన్నెలోనూ రాదు. చేమదుంప, కాకరకాయ, ఆలుగడ్డ కూడా అంతే. ముక్క అంచు కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, నూనె కూడా తక్కువే పడుతుంది. పొద్దున్నే లేవగానే సన్న మంట మీద ఖాళీ మూకుడు పెట్టి పళ్లు తోముకోవడానికి వెళ్తాను, వచ్చేసరికి వేడెక్కి ఉంటుంది. తొందరపడి పెద్ద మంట పెడితే మధ్యలో మాడి, చుట్టూ పచ్చిగా ఉండిపోతుంది. ఇంకోటి, పొయ్యి ఆపినా దీని వేడి చాలాసేపు ఆరదు. పల్లీలు వేయించి ఆపేసి ఫోన్ ఎత్తానంటే అవి బొగ్గులే. ఆపగానే పళ్లెంలోకి తీసేయాలి.

ఏం బాగుండవో కూడా చెప్పాలి. బెండకాయ నల్లబడుతుంది. రుచిలో తేడా ఉండదు కానీ, మా వాడు బాక్సు తెరవగానే పక్కవాడు "మాడిపోయిందేంట్రా" అన్నాడట, ఆ రోజు బాక్సు నిండుగా తిరిగొచ్చింది. టమాటా చారు కాస్తే పాత తాళంచెవి నాలుక మీద పెట్టుకున్నట్టుంది. గోంగూర ఒక్కసారే చేశాను. రోడ్డు మీద పోసే తారు గుర్తొచ్చింది. కూర ఏదైనా దించగానే స్టీలు గిన్నెలోకి మార్చేయాలి, మధ్యాహ్నం దాకా అందులోనే వదిలేస్తే రంగూ రుచీ రెండూ పోతాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూకుడు లోంచి కూరలోకి ఇనుము బాగా దిగాలంటే పులుపు ఉండాలి, నీళ్లు ఉండాలి, ఎక్కువసేపు ఉడకాలి. నూనెలో పొడిగా చేసే వేపుడులోకి దిగేది తక్కువ. పైగా కొత్త మూకుడు నుంచి ఎక్కువ దిగుతుంది, వాడి వాడి పొర పట్టినకొద్దీ తగ్గిపోతుంది. ఇది తెలిసిన రోజు కాసేపు మూకుడు వంకే చూస్తూ కూర్చున్నాను. తాళంచెవి రుచి వచ్చిన ఆ చారులోనే నాకు కావలసింది ఉంది. నేను కష్టపడి దాన్ని నున్నగా చేసినకొద్దీ, ఏ పనికోసం కొన్నానో ఆ పనికి అది అంతంత దూరమవుతూ వచ్చింది. పులుసులు వండితే పొర పోతుంది, వేపుళ్లు చేస్తే ఇనుము రాదు. రెండూ కావాలంటే రెండు మూకుళ్లు పెట్టుకోవాలేమో. నాకంత ఓపిక లేదు.

రక్తం సంగతి. డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు నేను రెండు వారాలు మింగి ఆపేశాను. కడుపులో వికారం, మలబద్ధకం, దానికితోడు విరేచనం నల్లగా వస్తుంటే భయమేసింది. మాత్రలకి అలా అవుతుందని ముందే తెలిస్తే ఆ టెన్షన్ ఉండేది కాదు. ఎలాగూ మూకుడు ఉంది కదా అని ధైర్యం. రెండు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే 9.3. డాక్టరమ్మ చీటీ బల్ల మీద పెట్టి, "మూకుడు వాడుకో, వద్దనను. మాత్ర ఎందుకు మానావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రెండు వారాలూ మాత్ర ఎప్పుడు మింగానని అడిగారు. టిఫిన్ అయ్యాక, టీతో పాటు. ఆ పక్కనే కాల్షియం మాత్ర కూడా. ఆవిడ తల పట్టుకున్నారు. టీలో ఉండే టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, కాల్షియం కూడా అడ్డుపడుతుంది. మింగిన ఆ కొద్ది రోజులూ ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడేశానన్నమాట. అప్పుడు పద్ధతి మార్చారు. మాత్ర రోజు విడిచి రోజు చాలన్నారు (నా కడుపు సంగతి చూసి నాకు అలా రాశారు, అందరికీ ఒకటే కాదు). పదకొండింటికి ఆఫీసులో, నిమ్మకాయ నీళ్లతో. కాల్షియం రాత్రికి. టీ భోజనానికి గంట ముందో, గంట తర్వాతో. హైదరాబాద్ ఆఫీసులో భోజనం అవగానే అందరూ టీకి లేస్తారు, ఆ టీ మానడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. ఇప్పటికీ నాలుగింటి దాకా ఆగుతాను. నిమ్మకాయ లేని రోజు జామకాయ తినేదాన్ని, అందులోనూ సి విటమిన్ దండిగా ఉంటుంది.

ఏప్రిల్‌కి 11.6. ఇంక మానేయొచ్చా అంటే, ఇది 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి, ఒంట్లో నిల్వలు నిండాలి అన్నారు. వాడాను. బియ్యం డబ్బా వైపు చెయ్యి పోవడం ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

మూకుడు ఒక్కటే సరిపోదని రెండోసారి రుజువైంది 2021లో. వేపుళ్లన్నీ అందులోనే, అయినా 10.4కి పడిపోయాను. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోంది, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. స్కానింగ్, ఇంకో రెండు పరీక్షలు, మందులు. పోయే దారి మూయకుండా ఎంత పోసినా నిలవదు. మా కింది ఫ్లాట్ అమ్మాయిది ఇంకో కథ. తనకీ హిమోగ్లోబిన్ తక్కువే. కానీ ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూస్తే ఇనుము నిండుగా ఉంది, తర్వాతి పరీక్షలో తలసీమియా మైనర్ అని తేలింది, అది పుట్టుకతో వచ్చేది, ఇనుము తక్కువై వచ్చేది కాదు. తను నా మాట విని మూకుడు కొని, పక్కన ఐరన్ మాత్రలు కూడా మొదలుపెట్టేదే. అప్పటినుంచి ఎవరైనా అడిగితే ముందు పరీక్ష చేయించుకో అంటున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మా అపార్ట్‌మెంట్‌లో అడిగితే మాత్రం అందరూ "కొంచెం నీరసం, అంతే" అంటారు.

ఇంక దీని చాకిరీ. కడగ్గానే తుడవాలి, తుడిచాక రెండు నిమిషాలు పొయ్యి మీద పెట్టి తడి ఆర్చాలి, చుక్క నూనె రాయాలి. మా బోరు నీళ్లకి గిన్నెల మీద తెల్లటి మరకలు ఎలాగూ తప్పవు, దీనికి పైన తుప్పు కూడా. వానాకాలంలో ఒక్క రాత్రి తడిగా వదిలితే పొద్దున్నకి ఎర్రగా పూస్తుంది. భయపడక్కర్లేదు, చింతపండు వేసి తోమి మళ్లీ నూనె కాలిస్తే పోతుంది. కానీ ఈ తుడవడం, ఆర్చడం మా ఇంట్లో నేను తప్ప ఎవరూ చేయరు. మావారు గిన్నెలు కడుగుతారు, మూకుడు మాత్రం "అది నీది కదా" అని సింకు పక్కన పెట్టి వెళ్తారు. పని తగ్గించే వస్తువు కావాలనుకునేవాళ్లు ఇది కొనొద్దు.

ఒకసారి నాకు జ్వరమొచ్చి రెండు రోజులు వంటింట్లోకి వెళ్లలేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మూడో రోజు ఎంతో సంతోషంగా వచ్చి, "అక్కా, నీ కడాయి నలుపు ఎన్నాళ్లసంది పోతలేదు కదా, ఇయ్యాల మొత్తం తెల్లగ చేసిన, సూడు" అంది. స్టీలు పీచుతో అరగంట తోమిందట. రెండేళ్ల పొర. ఆమె మొహం చూశాక ఏమీ అనలేకపోయాను. "బాగుంది" అన్నాను. ఆ నెలంతా మళ్లీ ఉల్లిపాయలు వేయించి పారేశాను. (ఆ నెల నాకు ఇనుము బాగానే అంది ఉంటుంది.)

బరువు గురించి కొనేముందు ఎవరూ చెప్పరు. చంటిపిల్లని ఎత్తి ఎత్తి అప్పటికే నా బొటనవేలి వైపు మణికట్టు నొప్పి. ఒక చేత్తో మూకుడు వంచి రెండో చేత్తో కూర తోయడం నెలల తరబడి నా వల్ల కాలేదు, గరిటెతోనే తోడుకున్నాను. చెవులు కూడా కాలతాయి, ఒకసారి బట్ట మర్చిపోయి పట్టుకుంటే అరచేతిలో బొబ్బ. ఇప్పుడు కొంటే ఎనిమిది అంగుళాలది తీసుకుంటాను, నలుగురికి వేపుడు సరిపోతుంది. గాజు పలక పొయ్యి ఉన్నవాళ్లు దింపేటప్పుడు జాగ్రత్త. ఇండక్షన్ మీద ఇది బాగానే పనిచేస్తుంది, కానీ జరపకూడదు, గీతలు పడతాయి.

ఇన్ని చెప్పి కూడా ఏడేళ్లుగా ఎందుకు ఉంచుకున్నానంటే, ఒక కారణం దొండకాయ. ఇంకోటి ఉంది. ఇంతకుముందు అందరి బాక్సులూ కట్టి, అందరూ తిన్నాక మిగిలిందేదో నిలబడి తినేదాన్ని. వేపుడు చేసిన రోజైతే అడుగున నాలుగు ముక్కలు మిగిలేవి. ఇప్పుడు బాక్సుల్లోకి తీయగానే, అడుగంటిన కారం, కరకరలాడే ముక్కలు ఉన్న ఆ వేడి మూకుడులోనే రెండు గరిటెల అన్నం, చెంచా నెయ్యి వేసి కలిపేస్తాను. స్టూలు లాక్కుని కూర్చుని తింటాను. ఏడుంపావుకి, అందరికన్నా ముందు. మూకుడులో తినకూడదని అత్తయ్య మొదట్లో గొణిగారు, ఒకరోజు ఒక ముద్ద పెట్టించుకున్నాక మానేశారు.

చిన్నది ఇప్పుడు రెండో తరగతి. యూనిఫాం వేసుకుని, ఒక కాలికే సాక్స్‌తో వచ్చి పక్కన నిలబడి నోరు తెరుస్తుంది. మూడు ముద్దలు దానికి, మిగతాది నాకు అని ఒప్పందం. ఆదివారం పెద్దాడు కూడా వస్తాడు, ఆ రోజు నాకేమీ మిగలదు.